వేడి ఇంజను తిరిగి స్టార్ట్ కాకపోవడం: లోప నిర్ధారణ పద్ధతి

యూనిట్ - 9

9.0 ఉద్దేశాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

• ఇంజను ఆపిన తరువాత దాని చుట్టూ ఉన్న భాగాల ఉష్ణోగ్రత ఎందుకు పెరుగుతుందో వివరించగలుగుతారు.
• సెల్ఫ్ సరిగా తిరగని లోపాన్ని, సెల్ఫ్ తిరిగినా ఇంజను అంటుకోని లోపాన్ని వేరు చేయగలుగుతారు.
• మల్టీమీటరుతో వోల్టేజి తగ్గుదలను కొలిచి, ఫలితాన్ని విశ్లేషించగలుగుతారు.
• ఇంధనం తక్కువైందా, ఎక్కువైందా, స్పార్క్ అందడం లేదా అన్నది పరీక్షల ద్వారా నిర్ణయించగలుగుతారు.

9.1 పరిచయం

ఉదయం ఒక్క తాళం తిప్పుకే స్టార్ట్ అయిన కారు, గంట ప్రయాణం తరువాత హోటల్ దగ్గర ఆపి, టీ తాగి వచ్చేసరికి మొండికేస్తుంది. సెల్ఫ్ ఎంత కొట్టినా అంటుకోదు. విసుగు పుట్టి మెకానిక్కుకు ఫోన్ చేస్తారు. ఆయన వచ్చేసరికి గంటన్నర గడుస్తుంది. ఆయన తాళం తిప్పగానే కారు ఏమీ జరగనట్లు స్టార్ట్ అవుతుంది. ఈ అనుభవం మీకో, మీకు తెలిసినవారికో ఎదురై ఉండవచ్చు.

ఈ లోపంలో చిక్కంతా ఇక్కడే ఉంది. పరీక్షించే వేళకు లోపం కనిపించదు. కనిపించని లోపానికి ఊహతో వైద్యం మొదలవుతుంది. ముందు బ్యాటరీ మారుస్తారు, తగ్గదు. సెల్ఫ్ మోటారు మారుస్తారు, తగ్గదు. తరువాత పెట్రోలు పంపు వంతు వస్తుంది. కారు మీద బతికే టాక్సీ యజమానికి ఇది రెండు వైపులా నష్టం. మంచి భాగాలు పారేసిన ఖర్చు ఒకటి, బండి నిలిచిన రోజుల ఆదాయం మరొకటి.

అందుచేత ఈ యూనిట్‌లో ఒక సూత్రాన్ని ఆధారంగా తీసుకుందాం: లోపం ఉన్న సమయంలోనే కొలవాలి, కొలిచిన తరువాతే భాగం మార్చాలి. మొదట వేడి ఏం చేస్తుందో తెలుసుకొని, ఆ తరువాత ఒక్కొక్క కారణాన్ని ఎలా తోసిపుచ్చాలో చూద్దాం.

9.2 ఇంజను ఆపిన తరువాత ఏం జరుగుతుంది?

ఇంజను ఆపగానే చల్లబడటం మొదలవుతుందని సాధారణంగా అనుకుంటాం. నిజానికి మొదటి అరగంటలో బానెట్ కింద ఉన్న అనేక భాగాలు మరింత వేడెక్కుతాయి.

నడుస్తున్న ఇంజనులో శీతలీకరణ ద్రవం ఉష్ణోగ్రత సాధారణంగా 90 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. సిలిండరు హెడ్డు, ఎగ్జాస్ట్ గొట్టం అంతకంటే చాలా వేడిగా ఉంటాయి. కారు కదులుతున్నంతసేపు వాటర్ పంపు, రేడియేటరు, ఎదురుగాలి కలిసి ఆ వేడిని బయటకు మోసుకుపోతాయి. బెల్టుతో నడిచే వాటర్ పంపు ఇంజనుతో పాటే ఆగిపోతుంది. ఎదురుగాలి కూడా ఉండదు. హెడ్డులో, ఎగ్జాస్ట్‌లో నిలిచిన వేడి పక్కనున్న భాగాలలోకి పాకుతుంది. పొయ్యి ఆపేసిన తరువాత కూడా పెనం మీద అట్టు కాలుతూనే ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే.

ఈ పరిణామాన్ని ఉష్ణ సంచయం అందాం. సాధారణంగా ఆపిన 10 నుంచి 30 నిమిషాల మధ్య దీని ప్రభావం ఎక్కువగా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం, ఘాట్ రోడ్డు ఎక్కి ఆపిన కారులో ఇది మరింత తీవ్రమవుతుంది.

దీని నుంచి మనకు ఒక విలువైన గుర్తు దొరుకుతుంది. ఆపిన 2 నిమిషాలకు కారు స్టార్ట్ అయి, 20 నిమిషాలకు స్టార్ట్ కాక, 2 గంటల తరువాత మళ్లీ మామూలుగా స్టార్ట్ అయితే, లోపానికి వేడితో సంబంధం ఉందని గట్టిగా అనుమానించవచ్చు. రోజంతా ఏ వేళలోనైనా మొరాయించే కారుకు ఈ గుర్తు వర్తించదు.

9.3 మొదటి ప్రశ్న: సెల్ఫ్ ఎలా తిరుగుతున్నది?

తాళం తిప్పినప్పుడు చెవి పెట్టి వినండి. వినిపించే శబ్దాన్ని బట్టి సమస్య రెండు దారులుగా చీలుతుంది.

మొదటి దారి: 'టక్' మని ఒక్క శబ్దం వచ్చి ఆగడం, లేదా సెల్ఫ్ బరువుగా, ఈడ్చుకుంటూ తిరగడం. ఇది బ్యాటరీ, తీగలు, సెల్ఫ్ మోటారుకు సంబంధించిన విద్యుత్ సమస్య.

రెండవ దారి: సెల్ఫ్ ఉదయం తిరిగినంత చురుకుగానే తిరుగుతున్నా ఇంజను అంటుకోకపోవడం. ఇది ఇంధనానికి లేదా స్పార్క్‌కు సంబంధించిన సమస్య.

ఈ తేడాను గమనించకపోవడం వల్లనే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. సెల్ఫ్ చురుకుగా తిరుగుతున్న కారుకు కొత్త బ్యాటరీ వేయడం వల్ల ప్రయోజనం సాధారణంగా ఉండదు. సెల్ఫే తిరగని కారుకు పెట్రోలు పంపు మార్చడం వల్ల అసలే ఉండదు.

9.4 సెల్ఫ్ నెమ్మదిగా తిరిగే సందర్భం

సెల్ఫ్ మోటారులో రాగి తీగ చుట్టలు ఉంటాయి. రాగి వేడెక్కితే దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. 30 డిగ్రీల వద్ద ఉన్న రాగి తీగ 90 డిగ్రీలకు చేరితే నిరోధం దాదాపు 23 శాతం పెరుగుతుంది. సెల్ఫ్ మోటారు ఎగ్జాస్ట్ గొట్టం పక్కనే ఉండే కార్లలో ఈ ప్రభావం ఎక్కువ. లోపం లేని వ్యవస్థ ఈ పెరుగుదలను తట్టుకుంటుంది. తీగ కొసలు తుప్పు పట్టినా, సెల్ఫ్ బుష్‌లు అరిగినా, బ్యాటరీ బలహీనపడినా ఆ తట్టుకునే శక్తి చల్లగా ఉన్నప్పుడు మిగిలి, వేడిలో చాలకుండా పోతుంది.

చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ సుమారు 100 నుంచి 200 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. ఇంత ప్రవాహంలో చిన్న నిరోధం కూడా పెద్ద నష్టం చేస్తుంది. ఓమ్ నియమాన్ని గుర్తు చేసుకోండి.

వోల్టేజి తగ్గుదల = విద్యుత్ ప్రవాహం × నిరోధం

ఎర్తు తీగ కొసలో 0.012 ఓమ్‌ల నిరోధం ఉన్నదనుకుందాం. 150 ఆంపియర్ల వద్ద తగ్గుదల 150 × 0.012 = 1.8 వోల్టులు. సెల్ఫ్‌కు చేరవలసిన వోల్టేజిలో ఇంత భాగం తీగ కొసలోనే ఖర్చయిపోతుంది. మామూలు మల్టీమీటరు 0.012 ఓమ్‌లను నమ్మకంగా కొలవలేదు. కాబట్టి నిరోధాన్ని కాక, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు వోల్టేజి తగ్గుదలను కొలుస్తాం.

పరీక్షా క్రమం: మల్టీమీటరును డి.సి. 20 వోల్టుల స్థానంలో ఉంచండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయండి. ఒకరు తాళం తిప్పుతుండగా మరొకరు రీడింగులు తీసుకోవాలి.

అ) ఇంజను ఆపి కొంతసేపు గడిచాక బ్యాటరీ రెండు కొసల మధ్య: పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది.

ఆ) సెల్ఫ్ తిరుగుతుండగా అవే కొసల మధ్య: సుమారు 9.6 వోల్టులకు తగ్గకూడదు.

ఇ) సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ నెగటివ్ కొసకు, ఇంజను లోహ భాగానికి మధ్య: 0.2 నుంచి 0.3 వోల్టులు దాటితే ఎర్తు తీగను అనుమానించాలి.

ఈ) సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ పాజిటివ్ కొసకు, సెల్ఫ్ మోటారు పెద్ద బోల్టుకు మధ్య: 0.5 వోల్టులు దాటకూడదు.

ఉ) ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కొసల మధ్య: చాలా కార్లలో 13.8 నుంచి 14.4 వోల్టులు ఉంటుంది. చార్జింగును ఇంజను కంప్యూటరు నియంత్రించే కొత్త కార్లలో ఈ విలువ మారుతూ ఉండవచ్చు.

ఫలితాలను ఇలా అర్థం చేసుకోవాలి. సెల్ఫ్ బరువుగా తిరుగుతూ (ఆ) లో వోల్టేజి 9.6 కన్నా బాగా పడిపోతే, బ్యాటరీ బలహీనంగా ఉంది లేదా సెల్ఫ్ మోటారు అధిక ప్రవాహాన్ని లాగుతోంది. సెల్ఫ్ బరువుగా తిరుగుతున్నా బ్యాటరీ 11 వోల్టుల దగ్గర నిలబడి ఉంటే, బ్యాటరీది తప్పు కాదు. విద్యుత్తు దారిలో ఎక్కడో అడ్డం ఉంది, లేదా సెల్ఫ్ లోపలి భాగాలు సరిగా పనిచేయడం లేదు. (ఇ), (ఈ) రీడింగులు ఆ రెండింటినీ వేరు చేస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1

1. ఇంజను ఆపిన తరువాత బానెట్ కింది భాగాల ఉష్ణోగ్రత పెరగడానికి రెండు కారణాలు రాయండి.
2. సెల్ఫ్ 160 ఆంపియర్లు తీసుకుంటున్నది. ఎర్తు తీగ కొసలో నిరోధం 0.01 ఓమ్. వోల్టేజి తగ్గుదల ఎంత? అది ఆమోదయోగ్యమేనా?

9.5 సెల్ఫ్ చురుకుగా తిరిగినా ఇంజను అంటుకోని సందర్భం

పెట్రోలు ఇంజను అంటుకోవడానికి గాలి, తగిన మోతాదులో ఇంధనం, సరైన సమయంలో స్పార్క్, సిలిండరులో తగిన పీడనం కావాలి. చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్ట్ అయ్యే కారులో గాలి దారినీ, సిలిండరు పీడనాన్నీ చివరకు వాయిదా వేయవచ్చు. ఇంధనాన్నీ, స్పార్క్‌నూ ముందు పరీక్షించాలి.

9.5.1 ఇంధనం చాలకపోవడం

పెట్రోలు ఒకే ఉష్ణోగ్రత వద్ద మరిగే ద్రవం కాదు. అది అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. మామూలు వాతావరణ పీడనంలో సుమారు 35 డిగ్రీల నుంచే దానిలోని తేలిక భాగాలు మరగడం మొదలుపెడతాయి. వేడి ఇంజను మీద ఉన్న గొట్టంలో పెట్రోలు ఆవిరి కాకుండా నిలిపేది పీడనమే. పీడనం పెరిగితే మరిగే స్థానం పెరుగుతుందని వంటింటి ప్రెషర్ కుక్కరు మనకు చెబుతూనే ఉంటుంది.

కార్బురేటరు ఉన్న పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో పెట్రోలు పంపు ఇంజను పక్కనే బిగించి ఉండేది. అది వెనుకనున్న ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చుకునేది. పీల్చేటప్పుడు గొట్టంలో పీడనం తగ్గుతుంది కాబట్టి వేసవిలో పెట్రోలు సులభంగా ఆవిరై దారిని మూసేది. డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసి ఈ సమస్యను గట్టెక్కేవారు.

ఇంజెక్షన్ కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి పెట్రోలును ముందుకు నెడుతుంది. ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే రైలు గొట్టంలో సాధారణంగా 3 నుంచి 4 బార్ల పీడనం ఉంటుంది. ఇంజను ఆపిన తరువాత కూడా ఈ పీడనం చాలావరకు నిలిచేలా పంపులో ఒకవైపే తెరుచుకునే కవాటం ఉంటుంది. ఆ కవాటం కారితే పెట్రోలు ట్యాంకులోకి జారిపోతుంది, రైలులో పీడనం పడిపోతుంది, మిగిలిన పెట్రోలు ఆవిరవుతుంది. ఆ తరువాత తాళం తిప్పితే ఇంజెక్టర్ల నుంచి పెట్రోలుకు బదులు ఆవిరి వస్తుంది.

పరీక్ష: సెల్ఫ్ కొట్టకుండా తాళాన్ని 'ఆన్' స్థానానికి తిప్పి, 2 లేదా 3 సెకన్లు ఆగి, 'ఆఫ్' చేయండి. ఇలా మూడుసార్లు చేసిన తరువాత సెల్ఫ్ కొట్టండి. ప్రతిసారీ పంపు కొద్దిసేపు నడిచి రైలులో పీడనాన్ని పెంచుతుంది. ఈ పద్ధతిలో కారు వెంటనే స్టార్ట్ అయితే, పీడనం నిలవడం లేదన్న అనుమానం బలపడుతుంది. ఇంధన పీడన మాపకం బిగించి, ఆపిన 20 నిమిషాల తరువాత రీడింగు చూసి దానిని ధ్రువీకరించాలి.

తాళం 'ఆన్' చేసినప్పుడు చాలా కార్లలో వెనుక సీటు కింద నుంచి సన్నని 'జుయ్' మనే శబ్దం వినిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు వినిపించి, వేడిలో వినిపించకపోతే పంపు మోటారును, దాని రిలేను పరీక్షించండి.

9.5.2 ఇంధనం ఎక్కువ కావడం

లోపం దీనికి వ్యతిరేక దిశలో కూడా ఉండవచ్చు. ఇంజెక్టరు కారుతుంటే, ఆపిన తరువాత పెట్రోలు బొట్టు బొట్టుగా ఇంజనులోకి చేరుతుంది. స్టార్ట్ చేసేటప్పుడు పచ్చి పెట్రోలు వాసన, స్టార్ట్ అయిన వెంటనే నల్లటి పొగ దీనికి గుర్తులు.

శీతలీకరణ ద్రవం ఉష్ణోగ్రతను తెలిపే సెన్సారు తప్పు చెప్పినా ఇదే జరుగుతుంది. ఈ సెన్సారు నిరోధం వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. చాలా కార్లలో 20 డిగ్రీల వద్ద సుమారు 2,500 ఓమ్‌లు, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓమ్‌లు ఉంటుంది. ఇంజను వేడిగా ఉన్నా సెన్సారు చల్లగా ఉందని చెబితే, కంప్యూటరు చలి ఉదయానికి కావలసినంత పెట్రోలు పోస్తుంది.

స్కానరు ఉంటే ఒక సులభమైన తనిఖీ చేయవచ్చు. రాత్రంతా నిలిపిన కారులో ఉదయం ద్రవం ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత దాదాపు సమానంగా ఉండాలి. వేడి ఇంజనులో ద్రవం రీడింగు 90 దగ్గర ఉండాలి. మైనస్ 40 చూపితే సెన్సారు తీగ తెగిందని అనుమానించాలి.

పెట్రోలు బంకులో ట్యాంకు నింపించిన వెంటనే మాత్రమే మొరాయించే కార్లు కొన్ని ఉంటాయి. ట్యాంకులో పుట్టే పెట్రోలు ఆవిరిని ఇంజనుకు పంపే పర్జ్ కవాటం తెరుచుకుని ఉండిపోతే ఇలా జరుగుతుంది.

పరీక్ష: యాక్సిలరేటరు పెడలును పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ కార్లలో ఈ స్థితిలో కంప్యూటరు పెట్రోలును ఆపేస్తుంది, గాలి మాత్రం ధారాళంగా వస్తుంది. ఇలా చేస్తే స్టార్ట్ అయిందంటే ఇంధనం ఎక్కువైందని అర్థం. ఇంజను అంటుకోగానే పెడలును వదలాలి.

తాళం ఆన్-ఆఫ్ పరీక్షకు, ఈ పెడలు పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. రెండూ వ్యతిరేక దిశల్లో సమాధానం చెబుతాయి. అందుకే ఏ భాగాన్నైనా కొనే ముందు ఈ రెండూ చేయాలి. రెంటినీ ఒకేసారి కలిపి చేయకండి. ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

9.5.3 స్పార్క్ అందకపోవడం

పై రెండు పరీక్షలకూ కారు స్పందించకపోతే క్రాంక్ షాఫ్టు స్థానాన్ని తెలిపే సెన్సారును పరీక్షించాలి. ఇంజను తిరుగుతున్నదని కంప్యూటరుకు చెప్పేది ఇదే. దీని సంకేతం లేకపోతే అనేక కార్లలో స్పార్క్, పెట్రోలు రెండూ ఆగిపోతాయి. ఈ సెన్సారులోని సన్నని తీగ చుట్ట వేడికి వ్యాకోచించినప్పుడు తెగి, చల్లారినప్పుడు కలిసిపోయే అవకాశం ఉంది.

సెల్ఫ్ తిరుగుతుండగా స్కానరులో ఇంజను వేగం చూడండి. సుమారు 150 నుంచి 250 మధ్య భ్రమణాలు కనిపించాలి. సెల్ఫ్ చురుకుగా తిరుగుతున్నా వేగం సున్నా అని చూపితే, సెన్సారును లేదా దాని తీగలను అనుమానించాలి. పి 0335 అనే కోడ్ ఈ సెన్సారు వలయానికి చెందినది. కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సారే చెడిందని తేల్చకండి. తెగిన తీగ, వదులైన కనెక్టరు కూడా అదే కోడ్ ఇస్తాయి.

9.6 డీజిల్ కార్లు

కామన్ రైల్ డీజిల్ ఇంజనులో స్పార్క్ ఉండదు. స్టార్ట్ కావడానికి రైలు పీడనం ఒక కనీస స్థాయికి చేరాలి. చాలా ఇంజనులలో అది 200 బార్ల ప్రాంతంలో ఉంటుంది. డీజిల్ వేడెక్కితే పలచబడుతుంది. అరిగిన ఇంజెక్టర్ల సందుల గుండా పలచని డీజిల్ ఎక్కువగా వెనక్కు కారిపోవడంతో రైలులో పీడనం చాలదు. స్కానరులో రైలు పీడనాన్ని, ఒక్కో ఇంజెక్టరు నుంచి వెనక్కు వచ్చే డీజిల్ పరిమాణాన్ని పోల్చి లోపం ఉన్న ఇంజెక్టరును గుర్తిస్తారు. ఈ వ్యవస్థలో పీడనం 1,000 బార్లను దాటుతుంది. శిక్షణ లేనివారు గొట్టాలను విప్పకూడదు.

9.7 ఒక ఉదాహరణ

ఇలాంటి సందర్భాన్ని ఊహించండి. ఒక టాక్సీ యజమాని ఉదయం విజయవాడలో బయలుదేరి, మధ్యాహ్నం ఏలూరులో ప్రయాణికులను దించి, భోజనం చేసి వస్తాడు. సెల్ఫ్ బరువుగా రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. "బ్యాటరీ పోయింది అన్నా, మార్చేద్దాం" అంటాడు దగ్గరలోని మెకానిక్కు. కొత్త బ్యాటరీ వేస్తే నాలుగు రోజులు బాగానే ఉంటుంది. ఐదవ రోజు మళ్లీ అదే వరస. ఈసారి సెల్ఫ్ మార్చమన్న సలహా వస్తుంది.

మీరైతే ఏం చేస్తారు? సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది కాబట్టి మొదటి దారి. లోపం ఉన్నప్పుడే, వేడి మీదనే కొలుస్తారు. విశ్రాంతిలో బ్యాటరీ 12.6 వోల్టులు. సెల్ఫ్ తిరుగుతుండగా 11 వోల్టులు. పాజిటివ్ వైపు తగ్గుదల 0.3 వోల్టులు. ఎర్తు వైపు తగ్గుదల 1.9 వోల్టులు.

అంటే సెల్ఫ్‌కు చేరుతున్నది 11 - 0.3 - 1.9 = 8.8 వోల్టులు మాత్రమే. బ్యాటరీ బాగుంది. ఎర్తు తీగ బోల్టు విప్పి చూస్తే దాని కింద తుప్పు పొర కనిపిస్తుంది. దాన్ని గీకి, శుభ్రం చేసి, గట్టిగా బిగించి మళ్లీ కొలిస్తే తగ్గుదల 0.2 వోల్టులు. మరి కొత్త బ్యాటరీ నాలుగు రోజులు ఎందుకు పనిచేసినట్లు? దాని అదనపు బలం తుప్పు వల్ల వచ్చే నష్టాన్ని కొంతకాలం కప్పిపుచ్చింది. భాగం మార్చగానే లోపం తగ్గినట్లు కనిపించడం, లోపం దొరికిందనడానికి రుజువు కాదు. మరమ్మతు తరువాత వేడి మీద మళ్లీ కొలిచినప్పుడే రుజువు దొరుకుతుంది.

9.8 జాగ్రత్తలు

సెల్ఫ్‌ను ఒక్కసారికి 10 సెకన్లకు మించి కొట్టకండి. మధ్యలో కనీసం అర నిమిషం విరామం ఇవ్వండి. ఆగకుండా కొడితే సెల్ఫ్ కాలిపోవచ్చు. కాలని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి చేరి క్యాటలిటిక్ కన్వర్టరును పాడుచేయవచ్చు.

వేడి ఇంజను మీద రేడియేటరు మూత, పెట్రోలు గొట్టం విప్పకండి. పెట్రోలు వాసన వస్తున్న చోట ప్లగ్గు తీగ విప్పి స్పార్క్ చూసే పాత అలవాటు మానుకోండి. ఇంజను ఆపినా రేడియేటరు ఫ్యాను హఠాత్తుగా తిరగవచ్చు కాబట్టి చేతులు, చున్నీ, వదులు దుస్తులు దూరంగా ఉంచండి.

9.9 సారాంశం

ఇంజను ఆపిన తరువాత కొంతసేపు దాని చుట్టూ ఉన్న భాగాలు మరింత వేడెక్కుతాయి. ఆ వేడి కొత్త లోపాన్ని సృష్టించడం కన్నా, అప్పటికే ఉన్న బలహీనతను బయటపెట్టడమే ఎక్కువ. సెల్ఫ్ తిరిగే తీరును బట్టి సమస్యను రెండుగా విభజించాలి. బరువుగా తిరిగితే వోల్టేజి తగ్గుదలను కొలవాలి. చురుకుగా తిరిగితే తాళం పరీక్ష, పెడలు పరీక్ష, ఆ తరువాత ఇంజను వేగం సంకేతం అన్న వరుసలో చూడాలి. మరమ్మతు అయ్యాక అదే పరిస్థితిలో మళ్లీ పరీక్షించి నిర్ధారించుకోవాలి.

9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి - జవాబులు

1. వాటర్ పంపు ఆగిపోవడం వల్ల శీతలీకరణ ద్రవం ప్రవహించకపోవడం, ఎదురుగాలి లేకపోవడం. ఈ రెండింటి వల్ల హెడ్డు, ఎగ్జాస్ట్‌లలోని వేడి పక్క భాగాలకు చేరుతుంది.
2. 160 × 0.01 = 1.6 వోల్టులు. ఆమోదయోగ్యం కాదు. ఎర్తు తీగ కొసలను శుభ్రం చేసి మళ్లీ కొలవాలి.

9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. వేడి ఇంజను తిరిగి స్టార్ట్ కాని సందర్భంలో లోప నిర్ధారణ క్రమాన్ని వివరించండి.
2. ఇంధనం చాలకపోవడం, ఇంధనం ఎక్కువ కావడం: ఈ రెండింటి కారణాలను, గుర్తులను, పరీక్షలను పోల్చండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. ఎర్తు తీగ నిరోధాన్ని నేరుగా కొలవకుండా వోల్టేజి తగ్గుదలను ఎందుకు కొలుస్తారు?
2. పెట్రోలు రైలులో నిలిచి ఉండే పీడనం ప్రాధాన్యం ఏమిటి?
3. కొత్త బ్యాటరీ వేయగానే లోపం తగ్గినా, మళ్లీ ఎందుకు తిరగబెట్టవచ్చు?

III. కృత్యం

మీకు తెలిసిన ఒక కారు యజమాని అనుమతితో, ఒక వారం పాటు ఇంజను ఆపిన సమయం, తిరిగి స్టార్ట్ చేసిన సమయం, సెల్ఫ్ ఎన్ని సెకన్లు కొట్టవలసి వచ్చింది, వాసన లేదా పొగ ఉన్నదా అన్న వివరాలు పట్టికగా రాయండి. విరామ కాలానికి, స్టార్ట్ కావడానికి పట్టిన సమయానికి మధ్య సంబంధం కనిపిస్తే, దాని కారణాన్ని ఈ యూనిట్ ఆధారంగా మీ మాటల్లో రాయండి.